వాడ లేని పాత ఇళ్ల చరిత్ర ఎవరి చరిత్ర? గురజాల నుంచి కొన్ని ప్రశ్నలు

ఊళ్ల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వం స్వమిత్వ పథకం ప్రకటించింది. పల్లెల్లోని నివాస స్థలాలను పైనుంచి ఫొటో తీసి, హద్దులు గీసి, ఇంటి యజమానికి ఆస్తి కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. పట్టణాల కోసం 2025 ఫిబ్రవరిలో కొన్ని పురపాలక సంఘాలను ఎంచుకుని నక్ష అనే పేరుతో ఇలాంటి సర్వేనే కేంద్రం ప్రారంభించింది. ఇవాళ కాకపోతే రేపు, ప్రతి వీధికీ కొలత గొలుసు బదులు కెమెరా వస్తుంది. అది గీసిన గీతే ఇకమీదట రికార్డు.

ఆ గీత గీసే ముందు అధికారి ప్రతి ఇంటి ముందూ ఒకే ప్రశ్న అడుగుతాడు. ఈ ఇల్లు ఎవరిది, ఎప్పటినుంచి ఉన్నారు, కాగితం ఏముంది? మేడ ఉన్నవాడి దగ్గర తాతల నాటి దస్తావేజులుంటాయి. వాడలో నాలుగు తరాలుగా ఉన్న కుటుంబం దగ్గర చాలాసార్లు ఒక ఇంటిపన్ను రసీదు, ఒక కరెంటు బిల్లు, ఒక ముసలమ్మ జ్ఞాపకం మాత్రమే ఉంటాయి.

అందుకే పాత ఇళ్ల చరిత్ర వెతకడం తీరిక ఉన్నవాళ్ల సరదా అని మేం అనుకోవడం లేదు. పాత భవనాల ఫొటోలు, వాటి గొప్పలు ఈ మధ్య పత్రికల్లోనూ ఫోన్లలోనూ బాగా తిరుగుతున్నాయి. అందులో తప్పు లేదు. కానీ నిలబడ్డ గోడల దగ్గర మొదలై అక్కడే ముగిసే చరిత్రలో దళితులకు చోటు దొరకదు. దళితుల ఇంటి చరిత్ర గోడలో కంటే స్థలంలో, కాగితంలో, నోటిమాటలో ఎక్కువగా ఉంది. దాన్ని ఎక్కడ, ఎలా వెతకాలో గురజాల ఉదాహరణగా చూద్దాం.

గురజాలలో అందరికన్నా పాత కాగితం

గురజాల పేరు చెబితే అందరికీ 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం గుర్తొస్తుంది. నలగామరాజు రాజధాని, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం, మాచర్లలో బ్రహ్మనాయుడు, చివరికి కారెంపూడి రణరంగం. అయితే ఊరి చరిత్ర అంతకన్నా చాలా పాతది. ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనం ఒకటి గురజాలలో దొరికింది. రుద్రపురుషదత్తుడి 4వ పాలనా సంవత్సరంలో వేయించిన ఆ శాసనం హలంపురస్వామి అనే దేవుడికి పొలం ఇచ్చిన సంగతి చెబుతుంది. అంటే గురజాల గురించి మనకు దొరికిన అతి పాత రాతల్లో ఒకటి భూమి కాగితమే. భూమి ఇచ్చినవారి పేరు ఉంది, పుచ్చుకున్న దేవుడి పేరు ఉంది. ఆ పొలం దున్నినవాళ్ల పేరు లేదు. ఈ ఖాళీ అప్పటినుంచి ఇప్పటివరకూ దాదాపు ప్రతి రికార్డులోనూ కనిపిస్తుంది.

ఇక పల్నాటి వీరుల కాలానికి వద్దాం. గురజాల కోటను లోకం ఇవాళ రాళ్లలో కంటే పాటలోనే ఎక్కువగా ఎరుగుదును అంటుంది. శ్రీనాథుడి పేరున్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పండితుల పేర్లు అందరికీ తెలుసు. కానీ ఆ కథను అచ్చు రాకముందు వందల ఏళ్లపాటు, అచ్చు వచ్చాక కూడా, గొంతులో నిలబెట్టింది వీరవిద్యావంతులు. వాళ్లు మాలలు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ 1970లలో పల్నాడు వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను రికార్డు చేసి, దాని ఆంగ్లానువాదాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చాడు.

ఈ సంగతి మనకు ఎందుకు ముఖ్యం? వాడలో పెద్దవాళ్లు చెప్పిన మాట చరిత్ర కాదు, కాగితం చూపించు అనేవాళ్లు ఉంటారు. ఆ లెక్కన గురజాల కోట చరిత్రే సగం చెల్లదు. పల్నాటి రాజుల, మంత్రుల కథలకు మాలల నోటిమాట ఆధారంగా పనికొచ్చినప్పుడు, అదే మాలల, మాదిగల సొంత ఇళ్ల కథకు వాళ్ల నోటిమాట పనికిరాకుండా ఎలా పోతుంది?

ఆ పాటలోనే కన్నమదాసు ఉన్నాడు. మాల కులంలో పుట్టి, బ్రహ్మనాయుడి దగ్గర కొడుకులా పెరిగి, సేనను నడిపినవాడు. అన్ని కులాలను ఒక పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఉంది. కారెంపూడిలో కార్తీకమాసపు అమావాస్య నుంచి ఐదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు వరసగా సాగుతాయి. మందపోరు నాడు చాపకూడును ఇప్పటికీ తలచుకుంటారు. ఏడాదికి ఒకరోజు చాపకూడును గౌరవించే నేల మీద, ఎవరి ఇల్లు ఊళ్లో ఉండాలి, ఎవరి ఇల్లు ఊరి బయట ఉండాలి అన్న గీత మాత్రం చెరగలేదు. ఇళ్ల చరిత్ర రాయడమంటే ఆ గీత చరిత్ర కూడా రాయడం.

వందేళ్ల గోడ ఎవరికి ఉంటుంది?

మన దేశంలో పాత కట్టడాలను కాపాడే ప్రధాన చట్టం 1958 నాటి ప్రాచీన స్మారక కట్టడాల చట్టం. కనీసం 100 ఏళ్లుగా ఉన్న కట్టడమే దాని లెక్కలో ప్రాచీనమైనది. వినడానికి ఈ కొలత అందరికీ సమానమే. నిజానికి కాదు.

పల్నాడు సున్నపురాయి నేల. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం బట్టీలు రాష్ట్రమంతా తెలుసు. ఇక్కడి పాత మిద్దెలకు రాతి గోడ, నాపరాతి పరుపు, గానుగ సున్నం వాడారు. గానుగలో ఎడ్లతో తిప్పి నూరిన సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి కట్టిన గోడ వందేళ్లు కాదు, రెండు వందలేళ్లు కూడా నిలుస్తుంది. వాడలో ఇల్లంటే మట్టిగోడ, తాటాకు లేదా బోదగడ్డి కప్పు. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి. పెద్ద వాన వస్తే గోడ మళ్లీ పెట్టుకోవాలి. నిప్పంటుకుంటే వరసంతా పోతుంది. రాయి అక్కడే ఉంది, సున్నం అక్కడే ఉంది, రాయి కొట్టే చేతులూ వడ్డెరలవి, మాలలవి, మాదిగలవి. కానీ ఆ రాయితో తమ ఇల్లు కట్టుకునే స్తోమత, చాలా ఊళ్లలో కట్టుకోనిచ్చే పరిస్థితి, వాళ్లకు లేదు. ఇలాంటి చోట గోడ వయసుతో చరిత్రను కొలిస్తే, కులమే చరిత్రను కొలిచినట్టవుతుంది.

వాడలో ఇవాళ కనిపించే పాత పక్కా కట్టడాలు చాలావరకు ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983 తర్వాత కట్టించిన పక్కా ఇళ్లు, వాటి తర్వాతి కాలనీలు. నలభై ఏళ్ల ఇల్లు వారసత్వ కట్టడం కాదని చట్టం అంటుంది. కానీ ఒక కుటుంబానికి తన పేరుతో వచ్చిన మొదటి గోడ అదే అయితే, చరిత్ర దృష్టిలో దానికి మించిన పాత ఇల్లు ఇంకేముంటుంది?

ప్రభుత్వం తలచుకుంటే ఎంత శ్రద్ధ పెట్టగలదో ఇదే జిల్లాలో చూశాం. నాగార్జునసాగర్ జలాశయం కింద లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండలో పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల నాటి కట్టడాల్లో ఎంచుకున్నవాటిని కొండ మీద, మాచర్ల దగ్గరి అనుపులో తిరిగి నిలబెట్టారు. అది గర్వపడాల్సిన పనే. అదే లోయలో మనుషులు బతుకుతున్న ఊళ్లూ మునిగాయి. ఆ ఊళ్లలో ఎవరి ఇల్లు ఎక్కడుందో, వాడ ఏ పక్కనుందో చెప్పే పటం ఏ మ్యూజియంలోనూ సందర్శకుడికి ఎదురుకాదు. పదిహేడు వందల ఏళ్ల నాటి ఇటుకకు దక్కిన శ్రద్ధలో కొంతైనా డెబ్బై ఏళ్ల కిందటి పల్లెకు దక్కలేదు.

మేడల చరిత్రనూ వదలకూడదు

దళితులు పాత మేడల చరిత్ర జోలికి పోనక్కరలేదని మేం అనడం లేదు. వెళ్లాలి, వేరే ప్రశ్నలతో వెళ్లాలి. ఈ మేడ ఎవరు కట్టించారు అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఎవరు కట్టారు, కూలి ఇచ్చారా, వెట్టికి తెచ్చారా, రాయి ఏ క్వారీ నుంచి వచ్చింది, సున్నం ఎవరు మోశారు అన్నవి మన ప్రశ్నలు. సత్రం గోడ మీద, బడి గోడ మీద శిలాఫలకం ఉంటే దాత పేరు ఉంటుంది. తాపీ పట్టినవాడి పేరు ఉండదు.

ఇంటి నిర్మాణమే ఒక సాక్ష్యం. వీధి అరుగు ఎవరు కూర్చోవడానికి, దాని కింద నేల ఎవరు నిలబడడానికి? పాలేరు ఏ దారిలో వచ్చేవాడు? చచ్చిన గొడ్డును ఏ పక్కనుంచి బయటకు తీసేవారు? బావి గిలకను ఎవరు ముట్టవచ్చు, ఎవరు దోసిలి పట్టి ఆగాలి? ఆ ఇళ్లలో పనిచేసిన వాడ పెద్దలకు ఇవన్నీ తెలుసు. ఇంటి వారసులకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లు లేకుండా రాసిన ఇంటి చరిత్రలో సగం ఇల్లే ఉంటుంది.

పాత రాతపూర్వక ఆధారాలను కూడా ఈ కన్నుతోనే చదవాలి. 19వ శతాబ్దం మొదట్లో కాలిన్ మెకంజీ కోసం అతని సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. గుంటూరు ప్రాంతపు కైఫీయత్తులు అచ్చులో దొరుకుతాయి. ఊరు ఎవరు కట్టించారు, గుడి ఎవరు ఎత్తించారు, మాన్యం ఎవరికి వచ్చింది అన్న వివరాలకు అవి బంగారు గని. కానీ ఆ వివరాలు చెప్పింది ఎక్కువగా కరణాలు. కరణం నోటినుంచి వచ్చిన ఊరి చరిత్రలో వాడ ఏ మాత్రం వినిపిస్తుందో ఊహించవచ్చు.

వాడ స్థలం ఏ రకం?

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఒక దళిత కుటుంబం తన ఇంటి చరిత్ర తెలుసుకోవాలంటే మొదట తేల్చుకోవలసింది ఆ స్థలం రెవెన్యూ లెక్కల్లో ఏమిటన్నది. మా పరిశీలనలో వాడల స్థలాలు స్థూలంగా నాలుగు రకాలుగా ఉంటాయి.

మొదటిది గ్రామకంఠం. శిస్తు పడని నివాస స్థలం కాబట్టి పాత సెటిల్‌మెంట్ రిజిస్టరులో అదంతా సాధారణంగా ఒకే సర్వే నంబరుగా ఉంటుంది, ఏ ఇల్లు ఎవరిదో రాయరు. అనుభవమే ఇక్కడ హక్కుకు పునాది. కాబట్టి పాత ఇంటిపన్ను రసీదులు, పంచాయతీ డిమాండు రిజిస్టరు, ఓటర్ల జాబితాలు ఇక్కడ విలువైనవి.

రెండోది పోరంబోకు. వాగు పక్క, డొంక పక్క, మేత బీడులో వేసుకున్న గుడిసెలు. తరాలు గడిచినా రికార్డులో ఆక్రమణ అనే మాట వెంటాడుతుంది. ఆ గుడిసెలు అక్కడ ఎందుకు పడ్డాయి? ఊళ్లో చోటివ్వలేదు కాబట్టి. ఈ కారణాన్ని రికార్డు చెప్పదు, చరిత్రే చెప్పాలి.

మూడోది ఆసామి పట్టా భూమి. పాలేర్ల కుటుంబాలు అయ్యగారి చేను చివర ఇల్లు వేసుకుని ఉండిపోయినవి. పని మానేస్తే ఇల్లు ఖాళీ చేయమనే బెదిరింపు అక్కడే పుట్టింది. ఇలాంటి చోట ఎప్పటినుంచి ఉన్నామన్నది రుజువు చేసుకోవడం బతుకు సమస్య.

నాలుగోది ప్రభుత్వం సేకరించి లేదా కేటాయించి ఇచ్చిన ఇంటి స్థలం. దీని చరిత్ర మనం అనుకునేదానికంటే పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 ప్రాంతంలో అణగారిన వర్గాల బాధ్యతను లేబర్ కమిషనరుకు అప్పగించారు. ఇళ్ల స్థలాలకు భూమి సేకరించడం, బావులు తవ్వించడం, బడులు పెట్టడం ఆ శాఖ పని. తర్వాతి కాలంలో ఆ పని సాంఘిక సంక్షేమ శాఖలకు వచ్చింది. ఇలా వచ్చిన స్థలానికి పట్టా, పొసెషన్ సర్టిఫికెట్ ఉండాలి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వీటికి వర్తిస్తుంది. తర్వాత సవరణలు వచ్చినా, ఆ స్థలం ఎప్పుడు, ఎవరి పేర ఇచ్చారన్న తేదీయే నేటికీ కీలకం.

ఈ నాలుగింటిలో మన స్థలం ఏదో తెలియకుండా సర్వే అధికారి ముందు నిలబడితే, ఆయన ఏది రాస్తే అదే మన చరిత్ర అవుతుంది.

ఎక్కడ వెతకాలి?

ఊరి పాత మ్యాపు, క్షేత్ర కొలతల పుస్తకం, మనవాళ్లు డైగ్లాట్ అని పిలిచే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగళ్లు తహసీల్దారు కార్యాలయంలో గానీ జిల్లా రికార్డు గదిలో గానీ ఉంటాయి. 1858లో వేసిన ఇనాం కమిషన్ తయారుచేయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు మనకు ప్రత్యేకంగా అవసరం. ఊరి సేవకు ఇచ్చిన మాన్యాలు అందులో నమోదయ్యాయి. వెట్టి, తలారి పనులకు మాలలు, మాదిగలు అనుభవించిన చిన్న చిన్న చెక్కలు అక్కడ కనిపించవచ్చు. 1956లో ఇనాంల రద్దు చట్టం వచ్చాక ఆ చెక్కలు ఎవరి పేర మారాయన్నది వాడ వాడకూ అడగాల్సిన ప్రశ్న.

పాత రికార్డు వెతికేటప్పుడు జిల్లాల మార్పులు గుర్తుంచుకోవాలి. 1859లో గుంటూరు జిల్లాను రద్దుచేశారు, 1904లో మళ్లీ ఏర్పాటుచేశారు. ఆ మధ్యకాలపు పల్నాడు సంగతులు కృష్ణా జిల్లా పేరు కింద ఉంటాయి. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో పల్నాడు గురించి ఉండడానికి కారణం అదే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. అందువల్ల ఒకే ఊరి కాగితాలు చెన్నై, గుంటూరు, నరసరావుపేట, గురజాల అని నాలుగు చోట్ల చెదిరి ఉండవచ్చు.

1984 జనవరిలో వంశపారంపర్య కరణాల, మునసబుల వ్యవస్థను రద్దుచేశారు. దళితులకు అది పెద్ద ఊరట. అయితే అప్పటిదాకా ఊరి లెక్కలు కరణం ఇంట్లోనే ఉండేవి. అన్నీ కార్యాలయానికి చేరలేదు. దొరకలేదు అని గుమస్తా అన్నంత మాత్రాన లేదని కాదు. సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. రికార్డు లేదు అన్న జవాబు కూడా రేపు ఒక ఆధారమే.

1849 నాటి బంగళా, చర్చి రిజిస్టరు

రెవెన్యూ రికార్డు మన పేరు రాయని కాలంలో మన పేరు రాసిన పుస్తకం ఒకటుంది. అది చర్చి రిజిస్టరు.

అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. 1849లో పల్నాడు వెళ్లి గురజాలలో మకాం పెట్టాడు. అప్పటి కలెక్టర్ స్టోక్స్ మిషన్‌కు అండగా ఉన్నాడు. పల్నాడులో ఆ తొలి సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాలలు. నరసరావుపేట, వినుకొండ వైపు తర్వాత బాప్టిస్టు మిషన్ విస్తరించినప్పుడు మాదిగలు ఎక్కువగా చేరారు. మిషన్ బంగళాను తెల్లదొర ఇల్లుగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ముందు వాకిలి నుంచి లోపలికి నడిచి, బెంచీ మీద కూర్చుని, పలక పట్టుకునే వీలు దళితులకు ఇచ్చిన తొలి కట్టడాల్లో బడి, చర్చి ఉన్నాయి. అలాంటి మిషన్ బడుల లోకం నుంచే గుర్రం జాషువా వచ్చారు. 1895లో వినుకొండలో పుట్టి, గుంటూరులో లూథరన్ చర్చి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశారు. అలాగని మిషన్ కట్టడాలకు కులం అంటలేదని కాదు. మాలల చర్చి, మాదిగల చర్చి అని విడిపోయిన ఊళ్లు మనకు తెలుసు. ఆ చరిత్రా రాయాలి.

బాప్తిస్మ రిజిస్టరులో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ ఉంటాయి. పెళ్లి, సమాధి రిజిస్టర్లూ అంతే. 19వ శతాబ్దంలో ఒక పల్నాటి దళిత కుటుంబం ఫలానా పల్లెలో ఉందని తేదీతో సహా చెప్పగల కాగితం చాలామందికి అదొక్కటే. కొన్ని ప్రతులు, మిషన్ వార్షిక నివేదికలు అమెరికాలోని లూథరన్ సంఘాల భాండాగారాల్లో ఉన్నాయి. ఇక్కడ చర్చి బీరువాల్లో ఉన్నవాటికి చెదలు, తేమ శత్రువులు.

ఆ కాగితానికి మనం ఎందుకు భయపడుతున్నాం?

ఇక్కడే అసలు ముడి ఉంది. ఇంటి చరిత్రకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యమైన కాగితాన్ని మనవాళ్లు దాచిపెడుతున్నారు. కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని 3వ పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతం పాటించేవారు షెడ్యూల్డు కులం కిందికి రారు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులను బీసీ-సీలో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. క్రైస్తవం స్వీకరించి పాటిస్తున్నవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేరని 2025లో రాష్ట్ర హైకోర్టు తీర్పిచ్చింది. ఈ పరిస్థితిలో తాత బాప్తిస్మం పుచ్చుకున్నాడని రుజువు చేసే కాగితం బయట పెట్టడానికి ఎవరు సాహసిస్తారు? కొడుకు ఉద్యోగం, కూతురు సీటు, దాడి జరిగితే పెట్టే కేసు అన్నీ గుర్తొస్తాయి.

ఈ భయం ఒట్టిది కాదు. కానీ దాని హద్దు కూడా తెలుసుకోవాలి. ఉత్తర్వు మాట్లాడేది ఇప్పటి మనిషి ఏ మతం పాటిస్తున్నాడన్న దాని గురించి, ముత్తాత ఏ రిజిస్టరులో ఉన్నాడన్న దాని గురించి కాదు. 2015లో కె.పి. మను కేసులో సుప్రీంకోర్టు, తాతల కాలంలో మతం మారిన కుటుంబంలో పుట్టిన వ్యక్తి కూడా తిరిగి వచ్చి, ఆ కులంవారు అతన్ని తమవాడిగా ఒప్పుకుంటే షెడ్యూల్డు కుల హోదా పొందవచ్చని చెప్పింది. మతం మారినవారికి ఆ హోదా ఇచ్చే విషయం పరిశీలించడానికి కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. గుడి మారినా, చర్చి మారినా వాడ మారలేదు. అదే సర్వే నంబరు, అదే ఊరి బయటి దిక్కు. ఒక్కో వాడ ఇంటి చరిత్రను వరసగా రాస్తే మతం మారాక కూడా అంటరానితనం ఇంటి హద్దును వదలలేదన్నది కళ్లకు కడుతుంది. ఆ కమిషన్ ముందు, కోర్టుల ముందు పెట్టదగిన సాక్ష్యం అదే.

అందువల్ల రిజిస్టర్లను తెచ్చి ఫోన్లలో తిప్పమని మేం చెప్పడం లేదు. వాటిని వాడ అధీనంలో, పేర్లు బయటకు పోకుండా కాపాడాలి. ఎవరి కుటుంబం పేజీ వాళ్లకే ఇవ్వాలి. బయటి పరిశోధకుడు ఎంత మంచివాడైనా ఆ కుటుంబం అనుమతి లేకుండా పేరు అచ్చు వేయకూడదు. భయంతో చెదలకు వదిలేయడం మాత్రం మన చరిత్రను మనమే కాల్చుకోవడం.

మిన్నియాపొలిస్ నుంచి లండన్ దాకా

ఇంటి కాగితాలు చదివి అన్యాయాన్ని బయటపెట్టిన అనుభవం వేరే చోట్లా ఉంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం కేంద్రంగా 2016లో మొదలైన మ్యాపింగ్ ప్రెజుడిస్ అనే పరిశోధన మిన్నియాపొలిస్ నగరపు పాత ఇళ్ల దస్తావేజులను స్వచ్ఛంద కార్యకర్తలతో చదివించింది. నల్లజాతివారికి ఈ ఇల్లు అమ్మరాదు, అద్దెకివ్వరాదు అన్న షరతులు వాటిలో ఉన్నాయి. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో, ఇళ్ల విషయంలో వివక్ష చట్టవిరుద్ధమని 1968లో తేలినా, నగరం ఎలా విడిపోయిందో పటం మీద చూపించింది మాత్రం ఈ పాత కాగితాలే. మన దస్తావేజుల్లో అలాంటి షరతు రాయాల్సిన అవసరమే రాలేదు. ఊరే ఆ షరతు మీద కట్టారు. అయినా హద్దుల వరసలో తూర్పు మాలపల్లె, దక్షిణం మాదిగపల్లె అని రాసిన మాటలు ఉంటాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లోని ఆ హద్దులను పోగుచేస్తే ఏ ఏడాదిలో వాడ ఎంతవరకు ఉండేదో, ఎటువైపు కుదించుకుపోయిందో పటం గీయవచ్చు.

ఇంకో ఉదాహరణ మనదే. అంబేడ్కర్ 1921-22లో ఉన్న లండన్ ఇంటిని, 10 కింగ్ హెన్రీస్ రోడ్డును, మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొన్నది. దాన్ని స్మారక గృహంగా నడపడానికి స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరిస్తే అప్పీలు మీద 2020లో అనుమతి వచ్చింది. ఆయన ముంబయిలో కట్టుకున్న రాజగృహ మీద అదే 2020 జులైలో దుండగులు దాడి చేశారు. ఒక దళితుడి ఇల్లు స్మారకం కావాలంటే లండన్‌లో న్యాయపోరాటం, ముంబయిలో పోలీసు కాపలా అవసరమయ్యాయి. అంబేడ్కర్ స్థాయి మనిషికే ఇలా ఉంటే గురజాల పల్లెలోని ఇంటి సంగతి ఎవరు పట్టించుకుంటారు? మనమే పట్టించుకోవాలి.

ఇప్పుడు చేయగల పనులు

ప్రతి వాడా తన పటం తాను గీసుకోవాలి. ఏ ఇల్లు ఎక్కడ, అంతకుముందు ఆ చోట ఎవరుండేవారు, బావి, చింతచెట్టు, బొడ్రాయి, చర్చి, సమాధుల దొడ్డి ఎక్కడ అన్నవి గుర్తించాలి. సమాధుల స్థలాన్ని మరవొద్దు. ఇల్లు కూలినా సమాధి నిలుస్తుంది, దాని మీద తేదీ ఉంటుంది.

ఎనభై దాటినవాళ్ల మాటలు ఈ ఏడాదే రికార్డు చేయాలి. ముఖ్యంగా ఆడవాళ్ల మాటలు. ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి కోడలిగా వచ్చారు, ఏ దొడ్డిలో పని చేశారు, గోడ ఎవరు మెత్తారు, అలికిందెవరు అన్నది వాళ్లకే తెలుసు. మట్టి ఇంటిని ఏటేటా నిలబెట్టింది వాళ్లే కాబట్టి ఇంటి చరిత్రకు మొదటి సాక్షులూ వాళ్లే.

ఇంటిపన్ను రసీదు, పట్టా, పొసెషన్ సర్టిఫికెట్, పాత కరెంటు కార్డు ఏది ఉన్నా ఫొటో తీసి రెండు చోట్ల దాచాలి. సర్వే బృందం వచ్చిన రోజు కూలికి పోకుండా కనీసం ఒక్కరైనా ఇంటి దగ్గర ఉండాలి. కొలత తప్పని తోస్తే ముసాయిదా దశలోనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోవాలి. కార్డులో భార్య పేరు కూడా రాయించాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. వాడల నివాస స్థలాలు నాలుగు రకాల్లో ఏ రకమో గ్రామసభలో చదివి వినిపించాలి. తరాలుగా ఉన్నవారిని ఆక్రమణదారు అనే మాటతో నమోదు చేయడం మానాలి. జిల్లా రికార్డు గదిలోని పాత రిజిస్టర్లను స్కాన్ చేసి ఆ ఊరివాళ్లకు ఉచితంగా చూపించాలి. పల్నాటి చరిత్రకు ఎక్కడ మ్యూజియం పెట్టినా, బోర్డు పెట్టినా, అందులో కోటలు, గుళ్లతో పాటు పల్లెలూ, వాటిని కట్టిన చేతులూ, కథను మోసిన వీరవిద్యావంతులూ ఉండాలి.

గురజాలలో దొరికిన ఆ పాత శాసనం పొలం ఇచ్చినవారి పేరు పదిహేడు శతాబ్దాలు నిలబెట్టింది. రేపు ఇంటింటికీ వచ్చే ఆస్తి కార్డు కూడా అలాంటి శాసనమే. దాని మీద మన పేరు సరిగా పడాలంటే మన ఇంటి కథ ముందు మన దగ్గర రాసి ఉండాలి.